తాతల నాటి కాగితం అడిగే రాజ్యం



"మీవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు?" అన్న ప్రశ్న మనలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. ఇరుగుపొరుగు అడిగితే అది పలకరింపు. అదే ప్రశ్న రాజ్యం అడిగి, జవాబును పట్టికకెక్కించి, ఆ పట్టికను బట్టి హక్కులు పంచితే ఏమవుతుందో చెప్పడానికి నేను బర్మాను ఎంచుకున్నాను. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో మన తెలుగు కూలీలను 'కోరంగీలు' అనేవారు. ఆ విధంగా ఈ చరిత్రలో మనవారి కన్నీరు కూడా ఉంది.

1931 జనాభా లెక్కలనాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో తెలుగువారు చెమటోడ్చారు. ఆర్థిక మాంద్యం వచ్చి, అప్పు తీర్చలేని బర్మా రైతుల భూములు చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి. పెత్తనం తెల్లవారిది, కోపం మాత్రం కూలివాడి మీదికి మళ్లింది. 1930 మేలో రంగూన్ రేవు పని విషయమై రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు. కడుపు మంట నుంచి పుట్టిన ఆ కోపానికి 'మా జాతి, మా నేల' అనే సిద్ధాంతం తోడయింది. అయితే అప్పటికి దాని చేతిలో కర్ర ఉందిగాని కార్యాలయం లేదు.

ఆ కార్యాలయం 1962 మార్చి 2న దొరికింది. ఆనాడు జనరల్ నె విన్ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1963-64లో వ్యాపారాలను, దుకాణాలను జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లను రద్దు చేశారు. ఆ ఉత్తర్వులు పేరుకు అందరికీ వర్తించేవే. కాని కొట్లు నడిపేవారిలో భారతీయులు, చీనీయులే ఎక్కువ కాబట్టి దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పనక్కరలేదు. లక్షకు పైగా భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కారు. చెన్నైలోని బర్మా బజారు, విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ వలసల గుర్తులే.

వెళ్లినవారు వెళ్లగా, మిగిలినవారి కోసం 1982లో పౌరసత్వ చట్టం వచ్చింది. దాని ప్రకారం కచిన్, షాన్, బర్మన్ వంటి ఎనిమిది పేర్కొన్న జాతులవారు, 1823కు ముందునుంచి ఆ నేలపై స్థిరపడిన తెగలవారు పుట్టుకతోనే పౌరులు. 1823 ఎందుకంటే, ఆంగ్లేయులతో మొదటి యుద్ధం 1824లో మొదలైంది. ఆ తరువాత వచ్చినవారు తెల్లదొర వెంట వచ్చినవారని లెక్క. ఏ తెగ స్వజాతి, ఏది కాదో తేల్చే అధికారాన్ని ఆనాటి రాజ్య మండలికి ఇచ్చారు. మిగిలినవారు అనుబంధ పౌరులో, దేశీకృత పౌరులో కావాలి. అందుకు కాగితాలు కావాలి. జాతీయ భాషల్లో ఒకటి బాగా మాట్లాడగలగాలి. అంటే నాలుక మీది నుడి కూడా పరీక్షకు నిలిచింది. తరువాత గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల కార్డులు వచ్చాయి. మనిషి విలువ కార్డు రంగులో కనిపించసాగింది.

ఈ పట్టికలో చోటు దక్కనివారిలో అరకాన్‌లోని రోహింగ్యాలు ముఖ్యులు. 1978లో 'నాగమిన్' పేరిట కాగితాల తనిఖీ జరిగినప్పుడే రెండు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2014 జనాభా లెక్కల్లో 'రోహింగ్యా' అని చెప్పుకున్నవారిని లెక్కించలేదు. 2015లో వారి చేతుల్లోని తెల్ల కార్డులను రద్దు చేశారు. 2017 ఆగస్టులో సైన్యం ఊళ్లు తగలబెట్టగా ఏడు లక్షలమందికి పైగా సరిహద్దు దాటారు. గమనించండి: నిప్పు ఆఖరున వచ్చింది. దానికి ముప్పయ్యైదేళ్ల ముందే గుమస్తా కలం తన పని ముగించింది.

జాతిద్వేషం బజారులో ఉన్నంతకాలం దానికి ఎదురుచెప్పే పొరుగువాడు ఉంటాడు. అది చట్టమైనప్పుడు ఆ పొరుగువాడే దరఖాస్తు తిరగ్గొట్టే ఉద్యోగి అవుతాడు. తాను ద్వేషిస్తున్నానని కూడా అనుకోడు, నియమం పాటిస్తున్నాననుకుంటాడు. నె విన్ పాలనలో ఒకే పార్టీ, దాని చెప్పుచేతల్లోని న్యాయస్థానాలు, గొంతు నొక్కిన పత్రికలు. ఆ నియమాన్ని ప్రశ్నించే చోటే లేకపోయింది.

మన స్థితి అది కాదు. రాజ్యాంగంలో 29వ అధికరణం ఉంది, తల్లినుడిలో ప్రాథమిక విద్య గురించి 350ఎ ఉంది, న్యాయస్థానం గడప ఉంది. వాటిని వాడుకుంటూ ఒక్క జాగ్రత్త పాటించమని కోరుతున్నాను. "మేము విజయనగర కాలంనుంచి ఇక్కడివాళ్లం" అని మనం గర్వంగా చెప్పుకుంటాం. చరిత్రగా అది ముద్దే. కాని హక్కుకు దాన్నే ఆధారం చేస్తే, తేదీని బట్టి మనుషులను కొలిచే ఆ తూనికను మనమూ ఒప్పుకున్నట్లే. అప్పుడు నిన్న వచ్చిన కూలివాడి బిడ్డకు బడి ఏ నోటితో అడుగుతాం? నాలుగు వందల ఏళ్ల కిందట వచ్చినవారికైనా, నాలుగేళ్ల కిందట వచ్చినవారికైనా బిడ్డ నుడి ఒకటే, బిడ్డ ఆకలి ఒకటే. మన కోరికపత్రాల్లో ఆ మాట ముందు రాద్దాం.