పాలు పడాలంటే తల్లికి తీరిక దొరకాలి

మందస, మెళియాపుట్టి కొండల కింది ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ ఒక్క మాట గురించే చెప్తాను. "కోడలికి పాలు పడలేదు." ఇంట్లో ఎవరో ఈ మాట అంటారు, సాయంత్రానికల్లా డబ్బా పాలు వచ్చేస్తాయి.

పాలు ఎలా పడతాయి? బిడ్డ చీకితేనే పడతాయి. రొమ్ము ఖాళీ అవుతుంటే మళ్లీ నిండుతుంది, ఖాళీ కాకపోతే తయారీ తగ్గుతుంది. అందుకే పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తర్వాత రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, ఉన్న పాలూ తగ్గిపోతాయి. వారం తిరిగేసరికి బిడ్డ రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. అనుమానముంటే ఆశా అక్కని పిలవండి, బిడ్డ రొమ్ము సరిగ్గా పడుతుందో లేదో చూస్తుంది. బిడ్డ మగతగా ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పథ్యం పేరు చెప్పి బాలింతకి నీళ్లు, కూరలు తగ్గించొద్దు. దాహమేసినప్పుడల్లా తాగనివ్వండి. చోడి అంబలి, పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండా పెట్టండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం కాన్పయ్యాక 6 నెలలు అంగన్‌వాడీ భోజనం ఆమె హక్కు.

మరి పలాసలో జీడిపిక్కల పనికెళ్లే తల్లి సంగతేంటి? చాలాచోట్ల కూలి కిలో లెక్కన. బిడ్డ కోసం లేస్తే కూలి తగ్గుతుంది, లేవకపోతే పాలు తగ్గుతాయి. ఇది ఆమె ఒంట్లో లోపమా, పనిలో లోపమా? మీరే చెప్పండి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళలో రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని 1961 ప్రసూతి చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది.

మీ ఊరి నుంచి పనికెళ్లే బాలింతలెవరో కనుక్కోండి. విరామం అడగడానికి ఆమెను ఒంటరిగా పంపకండి, నలుగురూ కలిసి వెళ్లండి. మధ్యాహ్నం బిడ్డను ఆమె దగ్గరికి తీసుకెళ్లండి. కుదరకపోతే ఆమె పొద్దున్నే పిండి, మూతపెట్టి చల్లటి చోట ఉంచిన పాలు 4 గంటల్లోపు ఉగ్గుగిన్నెతో పట్టండి, ఎండాకాలంలో ఇంకా ముందే పట్టేయండి. జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి పని నుంచి రాగానే ఆమె సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకునే దాకా బిడ్డను మీరెత్తుకోండి.

పెళ్లయిన తమ్ముళ్లకి ఇంకో మాట. నీళ్లు మొయ్యడం, వంట చెయ్యడం ఈ 6 నెలలు మీ పని. మీ బిడ్డకు పాలు అక్కడి నుంచే వస్తాయి.