మద్యం ముట్టనివారి కాలేయం



జబ్బు పేరు తెలియకుండా ఆసుపత్రి మంచమెక్కడం ఎలా ఉంటుందో ఏలూరు వారికి నేను చెప్పనవసరం లేదు. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో మొదలై వందలమంది మూర్ఛలతో పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ నిపుణులు తేల్చేవరకు ఎవరి ఊహ వారిది. అదే ఏడు కోవిడ్ వార్డులలో చేరినవారి కాగితాలలోనూ ఒక సంగతి వ్రాయబడి ఉంది. దానిని మాత్రం చదివి చెప్పినవారు తక్కువ. అది కాలేయం సంగతి.

కోవిడ్ ఊపిరితిత్తుల వ్యాధి కదా అనవచ్చు. 2020 ఆరంభంలో చైనా నుండి వచ్చిన నివేదికలలోనే, ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 14 నుండి 53 మంది వరకు కాలేయ పరీక్షలు తేడాగా ఉన్నట్లు కనబడింది. మీ రిపోర్టులలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని ఉండేవి ఇవే. చాలామందిలో ఈ పెరుగుదల స్వల్పం, జ్వరంతో పాటే తగ్గుతుంది. ఎస్‌జీఓటీ కండరాల నుండి కూడా వస్తుంది కనుక అదొక్కటే పెరిగితే బెంబేలు పడనక్కరలేదు. వ్యాధి తీవ్రమైనవారిలో మాత్రం ప్రాణవాయువు తగ్గడం, ఒళ్ళంతా రేగిన వాపు, వాడిన మందులు కలిసి కాలేయాన్ని కుంగదీస్తాయి. రెమ్‌డెసివిర్ మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష తప్పనిసరి అన్నది అందుకే.

మన ఇళ్ళలో జరిగేది వేరు. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుంటాం, జలుబుకు మరో బిళ్ళ వేసుకుంటాం. అందులోనూ పారాసిటమాల్ ఉంటుందని చూడం. పెద్దవారికి 650 మిల్లీగ్రాముల బిళ్ళలు రోజుకు ఆరుకు మించరాదు. కొల్లేటి లంకలైనా, తాడేపల్లిగూడెం పేటలైనా, కళ్ళు పచ్చబడగానే గుర్తుకువచ్చేది పసరు మందు. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం కూడా విరివిగా త్రాగాం. దానిని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. ఆ తగవు మనం తీర్చేది కాదు. త్రాగినది ఏదైనా వైద్యునికి చెప్పడం మాత్రం మన చేతిలోనిదే.

ఇక ఒక చిక్కు ప్రశ్న. “మద్యం అలవాటుందా?” అని వైద్యుడు అడిగితే మనవారు నొచ్చుకుంటారు. 2020లో మర్కజ్ పేరిట మనపై పడిన నింద తర్వాత ఆసుపత్రిలో ప్రతి ప్రశ్నా నేరారోపణలా వినబడింది. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని చెప్పినా, మనసులోని జంకు తీర్పుతో పోదు కదా. కానీ ఆ ప్రశ్న అందరినీ అడిగేదే. పైగా మద్యం ముట్టనివారి కాలేయం భద్రమనుకోవడం పెద్ద పొరపాటు. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. రోజంతా మగ్గం ముందు కూర్చుని తివాచీ నేసే మనిషికి నడక తక్కువ, తీపి టీ ఎక్కువ. ఇదివరకే హెపటైటిస్ బి ఉన్నవారికి మరో ప్రమాదం ఉంది. స్టెరాయిడ్లతో నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ తిరిగి లేవవచ్చు. సూది మార్చని ఇంజక్షన్లు ఎన్నడైనా వేయించుకున్నవారు ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు. రోగి గానీ అతని తరఫువారు గానీ కోరితే వైద్య రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అర్జీ వ్రాసి ఇవ్వండి, అందినట్లు సంతకం తీసుకోండి. డిశ్చార్జి కాగితంలో చేరిననాటి ఎస్‌జీపీటీ, వెళ్ళేనాటి ఎస్‌జీపీటీ రెండూ ఉన్నాయో లేదో చూడండి. రెండవది ఎక్కువగా ఉంటే కొన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించి, ఆ పాత కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి.