బుఖారా వెళ్ళదలచిన పెన్షనరు మిత్రులకు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర అంటే మనలో చాలామందికి అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి రావడమే. మనవలను చూసుకోవడం, మిగిలిన సమయంలో కిటికీలోంచి రోడ్డు చూడడం. అది తప్పని నేననను. కానీ మన కోసం మనం వెళ్ళే యాత్ర కూడా ఒకటి ఉండాలి. 2023 అక్టోబరులో నేనూ మా ఆవిడా ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారాలో ఐదు రోజులు ఉండి వచ్చాం. "ఏముంది అక్కడ?" అని చాలామంది అడిగారు. కార్యదర్శిగారు ఆ జవాబేదో అందరికీ కలిపి చెప్పమన్నారు.

ముందుగా ఒక మాట. బుఖారా పేరుకి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నా, పాత ఊళ్ళో ఇళ్ళలో మాట్లాడేది ఎక్కువగా ఫార్సీయే. దాన్ని వారు తాజిక్ అంటారు. నేను ట్రెజరీలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఫార్సీ చదువుకోలేదు. అయినా అక్కడ సగం మాటలు చెవికి తెలిసినట్టే ఉన్నాయి. ఎందుకంటే మన కచేరీ భాషంతా అదే కదా! దరఖాస్తు, దఫ్తరు, జవాబు, హిసాబు, కలం, తారీఖు, ఖజానా ఇవన్నీ అక్కడివారికి ఇంటి మాటలు. వీటిలో కొన్ని అరబ్బీ నుంచి వచ్చినవే అయినా, మన కచేరీకి తెచ్చింది ఫార్సీ. నిజాం రాజ్యంలో 19వ శతాబ్దం చివరిదాకా అదే రాజభాష.

మీకు ఒక చిట్కా చెబుతాను. మన మాటలో "ఆ" ఉన్నచోట "ఓ" పెట్టండి. బజారు బోజోర్ అవుతుంది, జవాబు జవోబ్, దుకాణం దుకోన్, బాదం బోదోమ్. నీళ్ళు కావాలంటే ఆబ్కారీలోని "ఆబ్" గుర్తుపెట్టుకుని "ఓబ్" అనండి. ధర అడగాలంటే "చంద్ పుల్?" అంటే చాలు. పుల్ అంటే డబ్బు.

ఊరి నడుమ లబీ హౌజ్ అనే చెరువు ఉంది. చుట్టూ ముసలి మల్బరీ చెట్లు, టీ దుకాణాలు. 1620 ప్రాంతంలో దీన్ని కట్టించినాయన నాదిర్ దివాన్ బేగీ. దివాన్ బేగీ అంటే ఖజానా చూసే పెద్ద అధికారి, అంటే మన శాఖ మనిషే! పక్కన ఆయన పేరుతోనే ఒక మదరసా ఉంది. దాని ద్వారం మీద పక్షులు, జింకలు, మనిషి ముఖం ఉన్న సూర్యుడు కనిపిస్తాయి. కొంచెం నడిస్తే గుమ్మటాల కింద పాత బజార్లు. ఒకదాని పేరు తోకీ సర్రాఫాన్, అంటే డబ్బు మార్చేవాళ్ళ బజారు. మన ట్రెజరీలో నాణేలు సరిచూసే షరాబు ఉండేవాడే, ఆ మాట ఇదే. ఇంకొకటి జర్‌గరాన్, కంసాలుల బజారు. జర్ అంటే బంగారం. మన చీరల జరీ అంచు అందులోంచి వచ్చిందే.

ఇవిగాక 1127లో కట్టిన కలాన్ మినారు ఉంది, ఎత్తు సుమారు 46 మీటర్లు. పదో శతాబ్దపు సామానీ రాజుల సమాధి ఉంది. ఒట్టి ఇటుకలతోనే బుట్ట అల్లినట్టు కట్టారు. లబీ హౌజ్ నుంచి మినారు దాకా ఒక కిలోమీటరు కూడా ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారు నిదానంగా నడిచి చూడవచ్చు. కోట లోపలికి ఎక్కుడు దారి ఉంది, అక్కడ చేతికర్ర అవసరం.

ఇక ఏర్పాట్ల సంగతి. మనకు ఈ-వీసా ఇస్తారు. ఒకసారి ప్రవేశానికి రుసుము 20 డాలర్లు. ఆ ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి, దళారులు వద్దు. ఢిల్లీ నుంచి తాష్కెంటుకు మేము వెళ్ళినప్పుడు సుమారు మూడు గంటల ప్రయాణం. మన లాల్ బహదూర్ శాస్త్రిగారు 1966 జనవరి 11న కన్నుమూసిన ఊరు అదే. అక్కడినుంచి అఫ్రాసియాబ్ అనే వేగవంతమైన రైలు నాలుగు గంటల్లో బుఖారా చేరుస్తుంది. టిక్కెట్లు త్వరగా అయిపోతాయి, ముందే కొనాలి. బుఖారా స్టేషను ఊళ్ళో ఉండదు, పది పన్నెండు కిలోమీటర్ల అవతల కాగాన్‌లో ఉంటుంది. టాక్సీ ధర ఎక్కకముందే మాట్లాడుకోండి. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు మంచివి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లైఫ్ సర్టిఫికెట్ గడువు చూసుకుని మరీ తేదీలు నిర్ణయించుకోండి.

మందుల విషయంలో చాలా జాగ్రత్త. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు, కొన్ని నిద్రమాత్రలు అక్కడ కఠిన నియంత్రణలో ఉన్నాయి. వీలైతే అవి తీసుకెళ్ళకండి. తప్పనిసరైతే డాక్టరు చీటీ ఉంచుకుని, కస్టమ్స్‌వారికి చెప్పండి. బీపీ, షుగరు మాత్రలు సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి. హోటలువారు మీ బస నమోదు చేస్తారు. చీటీ ఇస్తే పారేయకండి. కాగితం విలువ మనకి ఒకరు చెప్పాలా?

డబ్బు సోమ్‌లలో ఉంటుంది. డాలరుకి సుమారు పన్నెండు వేల సోమ్‌లు, మారుతూ ఉంటుంది. టీ బిల్లు వేలల్లో వస్తే గుండె పట్టుకోవద్దు!

శాకాహారులకు మాత్రం కొంచెం కష్టమే. పులావులో మాంసం ఉంటుంది. కూరగాయల వంటలోనూ గొర్రె కొవ్వు పడవచ్చు. "సబ్జీ" అని అడిగితే క్యారెట్ అనుకుంటారు, అక్కడ ఆ మాటకి అర్థం అదే. "బేగోష్త్" అనండి. బేఖాతరులో ఉన్న "బే"యే అది, అంటే మాంసం లేకుండా. ఉజ్బెక్‌లో "గోష్త్‌సిజ్" అంటారు. కొవ్వు కూడా వద్దని విడిగా చెప్పాలి. మా ఆవిడ ఐదు రోజులూ రొట్టె, పెరుగు, టమాటా ఉల్లిపాయ సలాడ్, గుమ్మడికాయ సమోసా, ఖర్బూజా పండ్లతో హాయిగా గడిపింది. చింతకాయ పచ్చడి సీసా వెంట ఉంది, అది వేరే సంగతి.

మర్యాదలు మనవాటికి దగ్గరే. ఇంట్లోకి వెళితే చెప్పులు బయట విడవాలి. కుడిచెయ్యి గుండెమీద పెట్టి కొంచెం వంగి సలాం చెప్పాలి. రొట్టెను తలకిందులుగా పెట్టకూడదు, నేలమీద పడనీయకూడదు, మనం అన్నాన్ని చూసినట్టే. టీని మూడుసార్లు గిన్నెలో పోసి తిరిగి కూజాలో పోస్తారు, కంగారు పడకండి. గిన్నె సగమే నింపితే పిసినారితనం కాదు. మళ్ళీ మళ్ళీ పోసే అవకాశం కోసం అది, గౌరవం. పెద్దవాణ్ణి "ఆకా" అని పిలవండి. అక్కడ దాని అర్థం అన్నయ్య. మా ఆవిడకి ఇది అలవాటు కావడానికి రెండు రోజులు పట్టింది.

ఒక విషయంలో మాత్రం నోరు అదుపులో ఉంచుకోవాలి. "మీరు ఉజ్బెక్‌లా, తాజిక్‌లా?" అని అడగవద్దు. 1924లో సోవియట్ ప్రభుత్వం సరిహద్దులు గీసినప్పుడు బుఖారా, సమర్‌కండ్ రెండూ ఉజ్బెక్ రిపబ్లిక్‌లోకి వచ్చాయి. ఆ తరవాతి జనాభా లెక్కల్లో తాజిక్ మాట్లాడేవారిలో చాలామంది ఉజ్బెక్‌లుగా నమోదయ్యారు. ఇంట్లో ఒక భాష, రిజిస్టరులో ఇంకొకటి. రిజిస్టరు గడిలో పడిన ఒక్క మాట మనిషి బతుకును ఎటు తిప్పుతుందో గుమాస్తాలమైన మనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? పుట్టినతేదీలో ఒక్క అంకె తేడాపడి పెన్షన్ కోసం ఏళ్ళతరబడి తిరిగినవారు ఈ హాలులోనే ఉన్నారు. గడి మారినా ఆ తల్లులు పిల్లలతో మాట్లాడే భాష నూరేళ్ళుగా మారలేదు. అది చెవులారా విన్నాను. మనం వారి పలకరింపుకి వారి మాటలోనే "రహ్మత్" అంటే చాలు, ముఖాలు వికసిస్తాయి. ఉజ్బెక్‌లోనూ అదే మాట కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదు.

మనకూ ఆ నేలకూ చుట్టరికం ఉంది. మొదటి నిజాం తాతగారు ఖ్వాజా ఆబిద్ సమర్‌కండ్ ప్రాంతం నుంచి వచ్చినవారు. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయారు. వారు నెలలకొద్దీ నడిచి వచ్చిన దారిని మనం ఒక్క రోజులో దాటగలం.

మిత్రులారా, "వచ్చే ఏడు చూద్దాం" అనేది మన ఫైళ్ళ మీద రాసే మాట. మన కాళ్ళకి అది పనికిరాదు. ఓపిక ఉండగానే దంపతులిద్దరూ బయలుదేరండి. వివరాలు కావలసినవారు భోజనాల తరవాత నన్ను కలుసుకోవచ్చు. ఖర్చుల హిసాబు పైసలతో సహా నా పుస్తకంలో ఉంది.