కోపం చల్లారిన చోటు: మురమళ్ళ వీరేశ్వరుడి చరిత్ర



ఏటా జరిగే ఈ సభలో ఈసారి మన భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామిని గురించి మాట్లాడతాను. స్వామి మహిమలు మీకు నేను చెప్పనక్కర్లేదు. నన్ను ఎంతోకాలంగా ఆలోచింపజేస్తున్న సంగతి వేరే ఉంది. తెలుగునాట వీరభద్రుడంటే కత్తి, కోరమీసాలు, నిప్పుల గుండం. మన మురమళ్ళలో వీరేశ్వరుడి పేరుతో ఆయన రోజూ పెళ్ళికొడుకు. అంతటి ఉగ్రమూర్తి బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్నాడంటే దాని వెనక పెద్ద కథే ఉండాలి.

ఆ కథకు మొదలు గోదావరి పాయ గౌతమికి అవతల, ద్రాక్షారామంలో. దక్షుడు యజ్ఞం చేసిన చోటు అదేనని, అందుకే దానికి దక్షవాటిక అని పేరని మన ప్రాంతపు నమ్మకం. తూర్పు చాళుక్యుల కాలంలో కట్టిన భీమేశ్వరాలయం అక్కడ ఉంది. శ్రీనాథుడు ఆ స్వామి మీద భీమేశ్వర పురాణమే రాశాడు. పిలవని పేరంటానికి వెళ్ళిన సతీదేవి తండ్రి చేసిన అవమానం భరించలేక యజ్ఞవాటికలోనే దేహం విడిచింది. శివుడు జట పెరికి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడు, దక్షుడి తల తెగింది. తల నరికిన పట్టిసాన్ని ఆయన గోదావరిలో కడుక్కున్న చోటు పట్టిసీమ అని ఎగువ ఊళ్ళవాళ్ళు చెబుతారు. ఒకే కథను ఒకే నది వెంట ఊళ్ళు పంచుకున్నాయి.

పురాణం దక్షుడికి మేక తల అతికించి, శివుడి దయతో ముగుస్తుంది. నరికినవాడి సంగతి దానికి పెద్దగా పట్టదు. మురమళ్ళ స్థలపురాణం సరిగ్గా అక్కడే అందుకుంటుంది. పని పూర్తయినా వీరభద్రుడి కోపం దిగలేదు. ఆ వేడికి లోకాలు తల్లడిల్లుతుంటే మునులు ఇక్కడ, వృద్ధ గౌతమి ఒడ్డున గుమిగూడి దేవిని వేడుకున్నారు. అందుకే ఈ చోటుకి మునిమండలి అని పేరొచ్చిందంటారు. ఆదిపరాశక్తి తన కళల్లో ఒకటైన భద్రకాళిని పంపింది. ఆమె ఎదుట నిలిచినా ఆయన శాంతించలేదు. అప్పుడు ఆమె అక్కడి తటాకంలో మునిగి, చక్కని కన్యగా పైకి తేలింది. ఆ రూపం చూశాక ఆయన చల్లబడ్డాడు. మునులు ఇద్దరికీ గాంధర్వ పద్ధతిలో పెళ్ళి జరిపించారు.

ఈ కథలో నాకు నచ్చేది ఒకటుంది. ఆయన కోపం తప్పని ఎవరూ అనలేదు. కట్టుకున్నదాన్ని పోగొట్టుకున్న శివుడి దుఃఖంలోంచి పుట్టిన కోపం అది, దానికి న్యాయం ఉంది. అయినా ఎక్కడో ఒకచోట అది ఆగాలి. దాన్ని ఆపడానికి మునులు శాపం పెట్టలేదు, ఆయుధం పట్టలేదు. పెళ్ళి చేశారు. ఆ పెళ్ళినే మన ఊరు ఇప్పటికీ చేస్తోంది. మామూలుగా శివాలయాల్లో కల్యాణం ఏడాదికొకసారి, శివరాత్రికో మరో పర్వానికో జరుగుతుంది. ఇక్కడ అది నిత్యకల్యాణం. రాత్రి మేళతాళాలతో ఉత్సవమూర్తులు మండపానికి వస్తారు. మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ యథావిధిగా జరుగుతాయి. మర్నాడు మళ్ళీ కొత్తగా పెళ్ళి.

వీరభద్రుడికీ పెళ్ళికీ ముడి గుళ్ళో మాత్రమే పడలేదు. గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్ళలో పసితనంలో పోయిన బిడ్డలు వీరభద్రులయ్యారని నమ్ముతారు. ఇంట్లో శుభకార్యం తలపెడితే ముందు వాళ్ళకు సంబరం చెయ్యాలి. పళ్ళెంలో విభూది పండు పెట్టుకుని, డప్పులతో, ‘శరభ శరభ’ అంటూ ఏటికి వెళతారు. పోయిన బిడ్డను తలుచుకోకుండా, వాడి అలక తీర్చకుండా ఉన్న బిడ్డకు పెళ్ళి చెయ్యరు. ఆ తల్లుల ఆచారాన్నీ మన గుడి కథనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ అలిగినవాణ్ణి ఊరడించాకే శుభం.

ఇక చరిత్ర. డెల్టాలో చరిత్ర అంటే సగం ఏటి కోతే. పాత ఆలయం గోదావరి పాలైందని ఊరి పెద్దల మాట. శరభరాజు అనే భక్తుడికి స్వామి కలలో కనిపించి నీళ్ళలోంచి తనను తీయమన్నాడట. మొదట లింగం కదల్లేదు. ప్రార్థించాక తేలికైంది. ఐనాపురం తీసుకుపోదామని మోసుకొస్తుంటే ఇప్పుడు గుడి ఉన్న చోట మళ్ళీ బరువెక్కింది, అక్కడే దించారు. ఇప్పటి గర్భగుడికి ముందు స్వామి ఏటిలో ఉన్నాడు, ఏటిలోంచి తీశాక మనిషి భుజం మీద ఉన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలొచ్చాయి, గట్లు పెరిగాయి, వరి పండింది. అయినా 1986 వరదనూ 1996 నవంబరు తుపానునూ చూసిన ఈ మండలానికి నీటి భయం ఇంకా పూర్తిగా పోలేదు.

యాత్రికుల దారి కూడా ఒకప్పుడు నీటిదే. కాకినాడ వైపు వాళ్ళు యానాం చేరి, గౌతమి దాటి, ఎదుర్లంకలో దిగి రావాల్సి వచ్చేది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండేది. బ్రిటిషిండియాలో బాల్యవివాహాలను నిషేధించిన 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి గడ్డ మీద చెల్లలేదు. దాంతో ఎన్నో తెలుగు కుటుంబాలు పసిపిల్లలను అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేశాయి. ఒక ఒడ్డున దేవుడి పెళ్ళి, ఎదుటి ఒడ్డున ఊహ తెలియని పిల్లల పెళ్ళిళ్ళు. ఈ రెండూ ఒకే చరిత్రలోవి, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. ఎదుర్లంక బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరున్న వారధి వచ్చాక రేవు దగ్గర పడిగాపులు పోయాయి. ఇవాళ హైదరాబాదు నుంచి బయలుదేరినవాళ్ళు కూడా సాయంత్రానికి గుడి ముందు దిగుతున్నారు.

వాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి కుదరనివాళ్ళు, వాళ్ళ కన్నవాళ్ళు. ముందుగా పేరు రాయించుకుని, తమ పేరున కల్యాణం చేయిస్తారు. సంబంధం కుదిరి పెళ్ళయ్యాక జంటగా మళ్ళీ వస్తారు. మండపం మెట్ల మీద కూర్చుని చూస్తుంటే మొక్కుకన్నా ముందు ఆ తల్లిదండ్రుల మొహాల్లో నలుగురి మాటలకు నలిగిన అలసట కనిపిస్తుంది. పెళ్ళి ఆలస్యమైన ఆడపిల్లను ఆరాలతో వేధించే అలవాటును ఈ గుడి ముంగిట్లోనైనా మనం మానాలి. కొబ్బరికాయ అమ్మేవారి నుంచి పూజారిగారి దాకా ఒక్క మంచి మాటతో ఆ పిల్లను పంపితే అదీ స్వామి సేవే.

చివరిగా ఒక విన్నపం. శరభరాజు కథ ఒక్కో ఇంట్లో ఒక్కోలా వినిపిస్తోంది. కల్యాణానికి తరాలుగా సన్నాయి ఊదినవారు, పల్లకి మోసినవారు, పూలు కట్టినవారు ఎవరో ఒక్కచోట రాసిపెట్టినది నా కంటపడలేదు. మీ ఇళ్ళలో పాత దస్తావేజులు, ఉత్సవాల ఫోటోలు ఉంటే పారెయ్యకండి. డెబ్భై దాటిన పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు కూర్చుని విన్నది విన్నట్టు రాయండి. వచ్చే ఏడాది ఈ సభకు ఆ కాగితాలు తీసుకురండి.