మూటల లెక్క
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి ఒక రిటైర్డ్ సుబేదారుకు ఏం తెలుసని మీరు అనుకోవచ్చు. నాకు తెలిసింది లోడ్లు కట్టించడం. దాని గురించే చెబుతాను.

కొండల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. రోడ్డు ఆగిపోయిన చోటినుంచి పోస్టుకు రేషన్ చేరాలంటే ఖచ్చర్లు, పోర్టర్లు, చివరికి జవాన్ల వీపులే దిక్కు. ఎవరు మోసినా బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటకుండా వీలైనన్ని తక్కువ మూటల్లో సామానంతా సర్దాలి.

రిటైరయ్యాక మా అబ్బాయి సాయంతో పైథాన్‌లో ఇందుకొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్లటి తెర మీద ప్రోగ్రామ్ పేరు, సామాన్ల జాబితా ఉన్న ఫైలు పేరు, మూటకు బరువు హద్దు టైపు చేసి ఎంటర్ కొడితే చాలు. ఏ మూటలో ఏం పెట్టాలో వరుసగా చెబుతుంది.

దాని కిటుకు చాలా చిన్నది. మూటకు హద్దు 20 కిలోలు అనుకోండి. సామాన్లు 6, 7, 8, 12, 13, 14 కిలోలు. ఇదే వరుసలో ఒక్కొక్కటీ తీసి, పట్టిన మొదటి మూటలో పెడుతూ పోతే 4 మూటలవుతాయి. అదే బరువైనవి ముందు పెట్టి, తేలికవి తర్వాత ఖాళీల్లో సర్దండి. 14తో 6, 13తో 7, 12తో 8. మూడే మూటలు! ఒక మనిషి శ్రమ తప్పింది.

అయితే ఇది ప్రతిసారీ గెలవదు. 8 కిలోలవి రెండు, 6 కిలోలవి నాలుగు ఉంటే, ఈ పద్ధతి 8లు రెండూ ఒకే మూటలో పెట్టి మొత్తం 3 మూటలు చేస్తుంది. ఒక 8, రెండు 6లు చొప్పున కడితే రెండే సరిపోతాయి. పెద్ద లెక్కల్లో మాత్రం ఈ పద్ధతి వల్ల పెరిగే మూటలు సుమారు 22 శాతానికి మించవని డేవిడ్ జాన్సన్ అనే గణితవేత్త 1973లో నిరూపించారు. మన పనికి అది చాలు.

ఇక అసలు మాట. నేను హవల్దారుగా ఉన్నప్పుడు ఒక ఎత్తైన పోస్టుకు లోడ్లు కట్టించాను. కిరోసిన్ డబ్బాలన్నీ ఒకే సైజు కదా, జీనుకు రెండువైపులా సమానంగా తూగుతాయని అన్నీ ఒకే ఖచ్చర్ మీద వేయించాను. బరువు లెక్క సరిగ్గా కుదిరింది. దారిలో ఆ ఖచ్చర్ కాలుజారి నాలాలో పడింది. తోలేవాడు బతికాడు, అదే పదివేలు. పైన బియ్యం ఉంది, పప్పు ఉంది, పొయ్యి వెలగదు. అక్కడ మంచు కరిగిస్తేనే తాగే నీళ్లు. రెండు రాత్రులు మా వాళ్లు శక్కర్‌పారాలు తిని, గుక్కెడు నీళ్లు పంచుకుని గడిపారు. ఆ తప్పు నాదే.

అందుకే నా ప్రోగ్రామ్‌లో మరో నియమం పెట్టాను. ఫైలులో కిరోసిన్, మందులు, బ్యాటరీలు లాంటి వాటికి ఒక గుర్తు పెడితే, ఒకే గుర్తున్నవి రెండు ఒకే మూటలోకి వెళ్లవు. దీనివల్ల ఒక్కోసారి ఒక మూట పెరుగుతుంది. పెరగనివ్వండి.

కంప్యూటర్‌కు కిలోలు తెలుసు. ఏ మూట పోతే పోస్టు ఆగిపోతుందో చెప్పాల్సింది మనమే.

జై హింద్.