దగ్గరి కిరాయి, రాత్రి సవారీ

  

 

గత చలికాలంలో ఒక నికాహ్‌కు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో రాత్రి ఒంటిగంట దాటిన తరువాత రైలు దిగాను. స్టేషను బయట ఏడెనిమిది ఆటోలున్నాయి. నాకంటే ముందు ఒక స్త్రీ, భుజంపై నిద్రపోతున్న బిడ్డతో, చేతిలో సంచితో, ఒక్కొక్క ఆటో దగ్గరికి వెళ్ళి అడుగుతున్నది. ఆమె పోవలసిన బస్తీ రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఒకడు తల అడ్డంగా ఊపాడు. మరొకడు ఫోను నుండి కళ్ళెత్తలేదు. ఇంకొకడు అడిగిన ధర విని ఆమె వెనక్కి తగ్గింది. అంతలో ఒక యువకుడు నన్ను గుర్తుపట్టి, "హజ్రత్, రండి రండి" అని నా చేతి సంచి అందుకున్నాడు. నేను పోవలసినది తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కి కూర్చున్నాను.

సోదరులారా, ఈ తప్పు నాదే కాబట్టి ముందుగా నాది చెబుతున్నాను. ఆమెను చూశాను. ఆమె మాట విన్నాను. అయినా ఎక్కి కూర్చున్నాను. సగం దారిలో గాని నా మనస్సు నన్ను నిలదీయలేదు. "బాబూ, ఆమెను ఎందుకు కాదన్నావు?" అని అడిగాను. "హజ్రత్, గంటన్నర నుండి వరుసలో ఉన్నాను. రెండు కిలోమీటర్లకు పోతే మళ్ళీ వరుస చివర నిలబడాలి" అన్నాడు. బండి వెనక్కి తిప్పించాను. అప్పటికి ఆమె అక్కడ లేదు. కాలినడకన వెళ్ళిందని చాయ్ అమ్మే ముసలాయన చెప్పాడు. ఆ దారి వెంట రెండుసార్లు తిరిగాము. కనబడలేదు. ఆమె క్షేమంగా చేరిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆమె పేరు తెలియదు, మతం తెలియదు. ఆ రెండూ ఇక్కడ అవసరమూ కాదు.

హిజ్రత్ కాలపు ఒక సంఘటన మీకు గుర్తుచేస్తాను. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) గారి భర్త అబూ సలమా (రజి) ముందుగా మదీనాకు వెళ్ళిపోయారు. ఆమెను పుట్టింటివారు ఆపివేశారు, బిడ్డను అత్తింటివారు లాక్కున్నారు. దాదాపు ఒక సంవత్సరం ఆమె రోజూ ఊరి బయట కూర్చుండి కన్నీరు కార్చారు. చివరకు విడిచిపెట్టారు, బిడ్డనూ తిరిగి ఇచ్చారు. ఆమె ఒంటె నెక్కి, ఒడిలో బిడ్డతో, ఒంటరిగా బయలుదేరారు. మక్కా నుండి మదీనా నాలుగు వందల కిలోమీటర్లకు పైమాట. తన్ఈమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురుపడ్డారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. ఎక్కడికని అడిగారు, తోడెవరని అడిగారు. అల్లాహ్, ఈ బిడ్డ తప్ప ఎవరూ లేరని ఆమె చెప్పగానే ఒంటె పగ్గం తన చేతిలోకి తీసుకున్నారు.

ఆయన ప్రవర్తనను ఉమ్మె సలమా (రజి) స్వయంగా వర్ణించారు. సీరత్ గ్రంథాలు దానిని భద్రపరచాయి. మజిలీ రాగానే ఆయన ఒంటెను మోకరింపజేసి దూరంగా వెళ్ళి నిలబడేవారు. ఆమె దిగిన తరువాత వచ్చి ఒంటెను చెట్టుకు కట్టి, తాను వేరొక చెట్టు క్రింద పడుకునేవారు. బయలుదేరే వేళకు ఒంటెను తెచ్చి, మళ్ళీ ప్రక్కకు తొలగి, ఎక్కమని చెప్పేవారు. ఖుబా చేరగానే, మీ భర్త ఈ ఊరిలోనే ఉన్నారని చూపించి, వచ్చిన దారినే మక్కాకు తిరిగిపోయారు. కిరాయి లేదు. వరుస లేదు. తిరుగు సవారీ అసలే లేదు.

తరువాతి కాలంలో ఆయన ముస్లిమయ్యారు. మక్కా విజయం రోజున కాబా తాళంచెవి తిరిగి ఆయన చేతిలోనే పెట్టబడింది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశించే సూరా అన్నిసాలోని ఆయతును వ్యాఖ్యాతలు ఆ సందర్భంతో ముడిపెడతారు. నా సొంత ఆలోచన ఒకటి చెబుతాను, దీనిని మీరు తఫ్సీరుగా తీసుకోవద్దు: తాళంచెవి కంటే ఎంతో ముందు, ఎడారి దారిలో ఒక స్త్రీ రూపంలో ఆయన చేతికి అమానతు వచ్చింది. దానిని ఆయన భద్రంగా చేర్చారు.

ఇక ఫిఖ్హ్ విషయానికి వద్దాము. "మౌలానా, బండి నాది, ఇష్టముంటే పోతాను, లేకుంటే లేదు, ఇందులో పాపమేముంది?" అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. ఇజారా, అంటే కిరాయి ఒప్పందం, ఇరువురి అంగీకారంతోనే కుదురుతుంది. సొంత అవసరానికి బండి నడిపేవానిని ఎవరూ బలవంతపెట్టలేరు. కాని ఆటోకు, టాక్సీకి పర్మిట్ తీసుకున్నవాడు ప్రజలకు సేవ చేస్తానని ముందే ఒక షరతుకు కట్టుబడ్డాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షను ప్రకారం సవారీని నిరాకరించడం నేరం. మూడు చక్రాల బండికి ఆ జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు! దానికి ఎవరు భయపడతారు? కాని సూరా అల్-మాయిదా మొదటి ఆయతు విశ్వాసులను ఒప్పందాలు నెరవేర్చమని ఆదేశిస్తున్నది. ఒడంబడికను గురించి ప్రశ్నించడం జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ హెచ్చరిస్తున్నది. ఆ ప్రశ్నకు 50 రూపాయలతో జవాబు దొరకదు.

మన మదర్సాలలో చదివే హిదాయా గ్రంథంలో, ఒకడు హీరా వరకు జంతువును కిరాయికి తీసుకుని ఖాదిసియ్యా వరకు పోతే ఏమవుతుందన్న మస్అలా ఉన్నది. విద్యార్థిగా చదివినప్పుడు ఈ ఊళ్ళ లెక్క ఎందుకా అని విసుగుపడ్డాను. ఎక్కేవాడైనా, ఎక్కించుకునేవాడైనా ఒప్పుకున్న దూరానికి కట్టుబడాలని మన ఫుకహా ఎంత జాగ్రత్తగా ఆలోచించారో ఇప్పుడు అర్థమవుతున్నది.

యాప్‌లో కిరాయి ఒప్పుకొని, ఆ తరువాత ఫోను చేసి, "ఎక్కడికి? నగదా, ఆన్‌లైనా?" అని అడిగి, దూరం తక్కువని తెలియగానే, "మీరే క్యాన్సిల్ చేయండి" అనడం దీనికంటే చెడ్డది. అక్కడ ఒప్పందం కుదిరిపోయింది. దానిని త్రెంచినవాడు తాను, నష్టం మాత్రం సవారీ నెత్తిన. అన్యాయంగా పరుల సొమ్ము తినడమంటే వేరే ఏమిటి? అర్ధరాత్రి గత్యంతరం లేనివారిని చూసి మూడింతలు అడగడం కూడా ఇటువంటిదే. అటువంటి నిస్సహాయునికి ఫిఖ్హ్‌లో ముజ్తర్ అని పేరే ఉన్నది. వాని అవసరాన్ని పిండుకోవడాన్ని ఉలమా గర్హించారు. రాత్రివేళ మీటరుపై అదనంగా తీసుకోవడానికి నిబంధనే అనుమతిస్తున్నది, అది హలాలే.

డ్రైవర్ల కష్టం చెప్పకుండా దిగితే నేను అన్యాయం చేసినవాడనవుతాను. హైదరాబాదులో మీటరు ధర 2014లో నిర్ణయించారు: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. తరువాత ఎన్నో ఏళ్ళు అది కదలలేదు. పెట్రోలు, గ్యాసు, బడి ఫీజు మాత్రం ఆగలేదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. అది తల్లులకు మేలు, సందేహం లేదు. కాని ఆటో సోదరుల గిరాకీ పడిపోయింది, కిస్తీ మాత్రం నెలనెలా వస్తూనే ఉన్నది. సవారీలలోనూ బేరమాడి ఎక్కి, దిగేటప్పుడు చిల్లర లేదనేవారున్నారు. అరగంట ఆపి నిరీక్షణకు పైసా ఇవ్వనివారున్నారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (స) ఆదేశం వారి కోసం కాదా?

ఇంత కష్టమున్నా, ఆ కష్టానికి కారణం బిడ్డను మోసుకుని నిలబడిన ఆ స్త్రీ కాదు. ఎవరిపైనో ఉన్న కోపాన్ని ఆమె మీద తీర్చుకోరాదు. ఒక మనిషిని అతని వాహనంపై ఎక్కించడం, అతని సామాను అందించడం సదఖా అని సహీ హదీసులో ఉన్నది. మీ పని అదే కదా! సంకల్పం సరిచేసుకుంటే కిరాయి డబ్బూ మీదే, పుణ్యమూ మీదే.

రాత్రి సవారీకి సంబంధించి కొన్ని మాటలు సూటిగా చెబుతాను. ఒంటరి స్త్రీ ఎక్కినప్పుడు ముందు సీటులో స్నేహితుని కూర్చోబెట్టుకోవద్దు. అతడు ఎంత మంచివాడో ఆమెకు తెలియదు. దగ్గరి దారి అని చెప్పకుండా సందుల్లోకి తిప్పవద్దు. అద్దం వెనుక వచ్చే బండ్లను చూడడానికి ఉన్నది. చూపు దించుకోవడం దారి హక్కులలో మొదటిదని ప్రవక్త (స) నేర్పారు. ఆమె ఫోను నంబరు ఆ కిరాయి వరకే అమానతు, తరువాత దానికి సందేశం పంపడం ఖియానత్. వెలుతురు ఉన్నచోట దింపండి, తలుపు తెరుచుకునేదాకా ఒక నిమిషం లైటు వేసి ఆగండి. తల్లులారా, మీరు కూడా బండి నంబరు ఇంటివారికి చెప్పండి. తెలంగాణ పోలీసులు 2024లో టీ-సేఫ్ అనే సేవ ప్రారంభించారు, 100కు ఫోను చేసి మీ ప్రయాణాన్ని గమనించమని కోరవచ్చు. అలా చేస్తే డ్రైవరు సోదరులు నొచ్చుకోవద్దు. నిజాయితీపరునికి అది రక్షణే.

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది. ఒకరు వచ్చి బందిపోట్ల గురించి ఫిర్యాదు చేశారు. అప్పుడు దైవప్రవక్త (స) అదీతో, నీవు బ్రతికి ఉంటే ఒక స్త్రీ హీరా నుండి బయలుదేరి, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా వచ్చి కాబాకు తవాఫ్ చేయడం చూస్తావని చెప్పారు. హిదాయాలో నేను చదివిన హీరా అదే. అదీ మనస్సులో, మరి తయ్యి తెగ దోపిడీగాండ్రు ఎక్కడికి పోతారని ఆశ్చర్యపోయారు. తయ్యి ఎవరి తెగ? ఆయన సొంత తెగ! దారి చెడింది పరాయివారి వల్ల కాదు. తరువాత ఆయన ఆ ప్రయాణాన్ని కళ్ళారా చూశారు. ఆ రాత్రి తల ఊపినవారిలో ఇద్దరిని నేను మన సఫ్‌లలో చూశాను. పేర్లు చెప్పను. నా పేరు ముందే చెప్పుకున్నాను.

కమిటీ పెద్దలతో మాట్లాడాను. రాత్రి పదకొండు నుండి తెల్లవారుజాము వరకు స్టేషను దగ్గర మన డ్రైవరు సోదరులు వారానికి ఒక్కొక్క రాత్రి వంతు తీసుకుంటే, ఆ రాత్రి దగ్గరి కిరాయికి వెళ్ళినవారికి ఒక్కొక్క సవారీకి 30 రూపాయలు మస్జిదు నిధి నుండి కలపడానికి వారు ఒప్పుకున్నారు. ఇది జకాతు సొమ్ము కాదు, లిల్లాహ్ నిధి, కనుక సవారీ ఎవరైనా అభ్యంతరం లేదు. ఎక్కేవారి మతం అడగవద్దు. వరుసలో వెళ్ళివచ్చినవానికి తిరిగి ముందు చోటు ఇవ్వడం మీ స్టాండువారు మీలో మీరు తేల్చుకోవలసిన మాట. వంతుల కాగితం ఎడమవైపు వరండాలో ఉన్నది. సున్నతులు ముగిసిన తరువాత నేను అక్కడే కూర్చుంటాను. నాకు ఆటో నడపడం రాదు. నెలకు నాలుగు రాత్రుల 30 రూపాయలు నా జీతం నుండి వ్రాయించాను.

ఇప్పుడు అరబీ ఖుత్బా కోసం సఫ్‌లు సరిచేసుకోండి.