మనిషిని చూసే వైద్యం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు లెడ్జర్లు రాసినవాణ్ణి. రోగిగా తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మా ఆవిడ పోయిన ఏడాది నా రక్తపోటు ఎంతకీ దిగలేదు. వెళ్లినప్పుడల్లా డాక్టరుగారు అంకె చూసి మాత్ర పెంచేవారు. ఒకరోజు ఆయన బదులు వచ్చిన చిన్న డాక్టరమ్మగారు, "ఇంట్లో మీతో ఎవరుంటారండీ?" అని అడిగారు. నాకు కన్నీళ్లాగలేదు. నిద్ర పట్టడం లేదనీ, మాత్రలు సగం రోజులు మరచిపోతున్నాననీ, తెలిసినాయన ఇచ్చిన మూలికల పొడి వేసుకుంటున్నాననీ అప్పుడు బయటపెట్టాను. అంతవరకు వారు అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత ఈ విషయమై కొంత చదివాను. చైనా సంప్రదాయ వైద్యంలో పరీక్షలు నాలుగు: చూడటం, వినటంతోబాటు వాసన పట్టటం, అడగటం, నాడి పట్టటం. నాలుక రంగు, గొంతు, నిద్ర, ఆకలి, దిగులు అన్నీ లెక్కలోకి వస్తాయి. పాశ్చాత్య వైద్యంలోనూ 1977లో అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్, శరీరంతోబాటు మనసునూ, కుటుంబ, సామాజిక పరిస్థితులనూ చూడాలని గట్టిగా వాదించారు. దారులు వేరైనా ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

అయితే, ఆప్యాయంగా అడిగినంత మాత్రాన ఇచ్చిన మందు మంచిదైపోదు. 1990ల తొలి ఏళ్లలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికల మందు వాడిన స్త్రీలలో పలువురికి మూత్రపిండాలు చెడిపోయాయి. ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి మూలిక కలవడమే కారణం. మరోవైపు, చైనా శాస్త్రవేత్త తూ యూయూ పాత వైద్య గ్రంథంలోని ఆధారంతో ఒక మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ రాబట్టి, 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. పాతదైనా కొత్తదైనా పరీక్షకు నిలిచిందే మందు.

కనుక మిత్రులారా, డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకువెళ్లండి. వేసుకునే మందులన్నీ - ఇంగ్లీషువి, ఆయుర్వేదం, హోమియో, చివరికి చిట్కాలు కూడా. నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో. ఇంట్లో పరిస్థితి ఏమిటో. వారు అడగకపోతే మనమే చెబుదాం.

నా పొడి ఆ రోజే మానిపించారు. మాత్రలకు వేళ కుదిర్చారు. సాయంత్రాలు నలుగురిలో కూర్చోమన్నారు. అందుకే రోజూ మన సంఘం ఆఫీసుకు వస్తున్నాను. రక్తపోటు అదుపులో ఉంది. ఒంటరిగా ఉన్నవారు మీరూ రండి.